రెండొందల పదిహేడో అక్షరం

కాలవలో మోకాళ్ల దాకా దిగి
మొదటిదాన్ని పట్టింది ఇసయ్య గొమాంగో.
ఏ గట్టు కింద చెయ్యి పెట్టాలో వాడికి తెలుసు,
వాళ్లింట్లో వానాకాలం కూర అదే.
మినతి టీచరు ఒడియాలో గెండా అంది.
నేను నత్తగుల్ల అన్నాను.
ఇసయ్య సవరలో ఏదో అని నవ్వాడు,
మళ్లీ అనమంటే అనలేదు.
సీసా మీద మాత్రం జి-ఏడు అని రాశాం.

బియ్యపుగింజంత పాదం ముక్క.
గొట్టంలో నలిపి, మందునీళ్లు పోసి
యాభయ్యారు డిగ్రీల వేడిలో మూడు గంటలు ఉంచాలి.
గుణుపురంలో కరెంటు మూడు గంటలు ఉంటుందని
ఆ పుస్తకం రాసినాయనకి ఎవరు చెప్పారో!
అమ్మ ఇడ్లీకొట్టు నుంచి ఫ్లాస్కు పట్టుకొచ్చాను.
థర్మామీటరు ముంచి, చన్నీళ్లు తొలిపి,
మళ్లీ వేడినీళ్లు కలిపి
వంతులేసుకుని కూర్చున్నాం
బాలింత గదిలో నీళ్లు కాచేవాళ్లలా.

ఆరు గళ్లలో ఐదు చీకటి.
ఒక్కదాన్లో అగ్గిపుల్లంత గీత వెలిగింది.
అరవలేదు మేం. భయమేసింది,
అరిస్తే ఆరిపోతుందేమోనని.

చేపలైతే పైన కట్టండి అన్నాడు భువనేశ్వర్ బస్సు కండక్టరు.
మంచుముక్కల పెట్టె ఒళ్లో పెట్టుకుని
రాత్రంతా కూర్చుంది టీచరు.

పదకొండు రోజులకి తిరిగొచ్చింది మా నత్త
రంగురంగుల కొండల బారై.
పచ్చ కొండ ఏ, ఎర్ర కొండ టి,
నల్లది జి, నీలం సి.
మా ఊరి నుంచి చూస్తే ఇలాగే ఉంటాయి,
ఇన్ని రంగులుండవు గానీ, అన్నాడు ఇసయ్య.
ఆరొందల నలభై అక్షరాలు.
మూడేసి చొప్పున విడదీసి చదవాలి.
ఒక్క అడుగు తప్పి మొదలెట్టామా,
నడిమధ్యలో మాట తెగిపోతుంది.
రెండుసార్లు తెగింది. మూడోసారి చివరికంటా వెళ్లాం.
దీని దగ్గరి చుట్టం ఎక్కడో అస్సాం చెరువులో ఉందట,
నూటికి తొంభైఆరు పోలిక.

రెండొందల పదిహేడు దగ్గర మాత్రం
కొండ మీద కొండ.
పచ్చా నల్లా ఒకే చోట.
వెనక నుంచి చదివించిన ప్రతిలోనూ అక్కడ మసకే.
యంత్రం ఎన్ అని రాసింది.
ఎన్ అంటే?
తెలీదు అని.

ఏ పెట్టేద్దాం అన్నాను.
చుట్టాలన్నిటికీ అక్కడ ఏ ఉంది.
ఆరొందల నలభైలో ఒకటి, ఎవరు చూడొచ్చారు?

ఇసయ్య గోడ మీద బల్లిని చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు.
"ఒకటో తరగతిలో చేర్చినప్పుడు
మాతృభాష గడిలో గుమస్తా ఒడియా అని రాసేశాడు.
మా అయ్య ఎదురుగానే ఉన్నాడు. అడగలేదు.
పైన ఉన్న పిల్లలందరికీ అదే ఉందట."

నా కాయితం గుర్తొచ్చింది.
మామ్మ పెట్టిన హైమావతి
అందులో హేమబతి.
పదకొండేళ్లుగా పరీక్షల్లో ఆ పిల్లే పాసవుతోంది.

మౌసు మీంచి చెయ్యి తీసేశాను.

పంపే ముందు గళ్లు నింపాలి.
దొరికిన చోటు, తేదీ, పట్టినవారి పేరు.
స్థానికంగా ఏమంటారు అన్న గడి దగ్గర
ఇసయ్య కుర్చీ ముందుకి లాక్కున్నాడు.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.
ఈసారి నవ్వలేదు.

రెండు అక్షరాలూ ఆరంకెలూ ఉన్న నంబరు వచ్చింది.
ఇక ఏ దేశంలో ఎవరు అడిగినా
మా కాలవ నత్త పలుకుతుంది.
టీచరు మిఠాయి తెప్పించింది,
కరెంటాయనకి కూడా ఒకటిచ్చింది.

అచ్చు తీసిన కాయితం ఇంటికి తెచ్చాను.
మామ్మ చేటలో బియ్యం ఏరుతోంది.
"ఓలమ్మ, నత్తగుల్లకి ఇంత రాతేటే!
ఒండుకు తినీదానికి?"
చదువు రాదు తనకి.
కాయితాన్ని కళ్ల దగ్గరగా, దూరంగా పట్టి
వరసలెంట వేలు నడిపించి
ఒక చోట ఆపింది.
"ఇదేటే, ఇదొక్కటీ వేరేగుంది?"

బియ్యంలో రాయి దొరికినట్టే పట్టేసింది.
గోరు ఆనించి, తీసెయ్యమన్నట్టు నా వైపు చూసింది.

ఉండనీ మామ్మా అన్నాను.